ఆరుబయట తీరిక ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబమంతా కలిసి ఆరుబయట గడపటం వల్ల కలిగే మేలు గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మన సమావేశాల్లో ఇదేం విషయం అని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. వరకట్న హింస, కూలిరేట్లు, భూమి పట్టాలు, పనిచేసేచోట లైంగిక వేధింపులు ఇన్ని ఉండగా పార్కుల గురించీ పిక్నిక్కుల గురించీ మాట్లాడుకునే తీరిక మనకెక్కడిది అని. ఆ అనుమానం సహజమే. అయితే అందులో ఉన్న "తీరిక" అన్న మాట దగ్గరే నేను కాసేపు ఆగదలచుకున్నాను. ఒక ఇంట్లో తీరిక ఎవరికి ఉంది, వాళ్ళు దాన్ని ఎక్కడ గడుపుతున్నారు, ఆ సమయంలో పని ఎవరు చేస్తున్నారు అని అడిగితే, ఆ ఇంట్లో అధికారం ఎవరి చేతిలో ఉందో చాలావరకు తెలిసిపోతుంది. ఆస్తి ఎవరి పేరున ఉంది, జీతం ఎవరి చేతికి వస్తుంది అనే ప్రశ్నల పక్కన దీన్ని కూడా చేర్చుకోవాల్సిన అవసరం ఉంది.

ముందు మేలు గురించే చెబుతాను. ఆ మేలు నిజమైనది. విమర్శ పేరుతో దాన్ని కొట్టిపారెయ్యటం నా ఉద్దేశం కాదు.

పిల్లల కళ్ళనే తీసుకుందాం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. ఆరు బడుల్లో పిల్లల్ని బడి ఉన్న ప్రతిరోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చూశారు. మిగతా ఆరు బడుల్లో ఏ మార్పూ చెయ్యలేదు. మూడేళ్ళ తర్వాత చూస్తే, మార్పు చెయ్యని బడుల్లో 39.5 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించటం మొదలైంది. బయట గడిపిన పిల్లల్లో అది 30.4 శాతమే. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. దీనికి వాడిన మందు ఏమీ లేదు, పగటి వెలుగు తప్ప. అయిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్ళు కదిలేలా ఆడాలనీ, పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవటంలాంటి వ్యాయామం చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడక వల్ల షుగరు, రక్తపోటు అదుపులో ఉండటానికి సాయమవుతుందని ఇప్పుడు పల్లెల్లో కూడా అందరికీ తెలుసు.

శరీరానికి జరిగే మేలు ఒకటైతే, సంబంధాలకు జరిగే మేలు మరొకటి. నాలుగు గోడల మధ్య ప్రతి మనిషికీ ఒక పాత్ర ఖాయమై ఉంటుంది. తండ్రి కుర్చీలో, తల్లి వంటింట్లో, పిల్లలు పుస్తకాల ముందో సెల్‌ఫోన్ ముందో, ముసలామె వసారాలో. మాటలన్నీ ఆ పాత్రల మధ్య మాటలే. "హోంవర్కు అయిందా", "అన్నం పెట్టు", "ఫోను పక్కన పెట్టు". అదే నలుగురూ చెరువుగట్టు మీద నడుస్తున్నప్పుడు ఎదురెదురుగా కూర్చోరు, పక్కపక్కన నడుస్తారు. మొహంలోకి చూడాల్సిన పని లేకపోవటం వల్ల పద్నాలుగేళ్ళ పిల్ల బడిలో తనను ఏడిపిస్తున్న కుర్రాడి గురించి ఆ నడకలో చెప్పగలుగుతుంది. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే చెప్పదు. తండ్రి చిన్నప్పుడు ఎక్కిన చింతచెట్టు గురించి చెబుతాడు. ఆ కాసేపూ అతను పరీక్ష మార్కులు అడిగే మనిషి కాడు. ముసలామెకు చెట్ల పేర్లూ ఆకుల గుణాలూ తెలుసు. ఇంట్లో ఎవరికీ అక్కరలేని ఆ జ్ఞానానికి బయట విలువ వస్తుంది. ఇదంతా ఖర్చులేకుండా దొరికే మేలు. దొరకాల్సిన మేలు.

అయితే ఇది ఎవరికి ఎంత దొరుకుతోంది?

ఒక మధ్యతరగతి ఇంట్లో ఆదివారం పూట జూపార్కుకో బీచికో వెళ్ళే కార్యక్రమాన్ని మొదటినుంచీ చూద్దాం. బయల్దేరేది తొమ్మిదింటికైతే తల్లి లేచేది నాలుగున్నరకి. పులిహోర కలపాలి, పెరుగన్నం కట్టాలి, నీళ్ళ సీసాలు నింపాలి, చిన్నవాడికి మారుబట్టలు, అత్తగారి మందులు, దుప్పటి, విస్తళ్ళు, చేతులు తుడుచుకోటానికి పాతగుడ్డ. అక్కడికి వెళ్ళాక వడ్డించేది ఆవిడే, పిల్లాడు పడితే పరిగెత్తేది ఆవిడే, మిగిలింది సర్దేది ఆవిడే. సాయంత్రం వచ్చాక మిగతావాళ్ళు "బాగా అలిసిపోయాం" అని పడుకుంటారు. గిన్నెలు తోమి, మట్టిబట్టలు నానబెట్టి, రాత్రి వంట మొదలుపెట్టేది మళ్ళీ ఆవిడే. ఫోటోల్లో అందరూ నవ్వుతూ ఉంటారు. చాలా ఫోటోల్లో ఆవిడ ఉండదు, ఉన్నా చేతిలో గరిటె ఉంటుంది. కుటుంబం మొత్తానికి సెలవు, ఆవిడకు పనిచేసే చోటు మారింది అంతే.

ఇది ఒకరిద్దరి ఇళ్ళ సంగతి కాదని చెప్పటానికి ఇప్పుడు మన చేతిలో ప్రభుత్వ లెక్కలే ఉన్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. తర్వాత 2024లో మళ్ళీ చేసింది. 2019లో ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చుపెడితే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు పెట్టారు. 2024 నాటికి స్త్రీలది 289 నిమిషాలైంది, పురుషులది 88 అయింది. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపే మగవాళ్ళకు తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఇంకొకటి గమనించాలి. ఇవి ఇంటిపనిలో పాల్గొన్నవాళ్ళ సగటులు. 2019లో ఆ పనిలో పాల్గొన్నవాళ్ళు స్త్రీలలో 81 శాతం ఉంటే, పురుషులలో 26 శాతమే. అంటే ప్రతి నలుగురు మగవాళ్ళలో దాదాపు ముగ్గురు ఆ రోజు ఇంటిపని ముట్టుకోనే లేదు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకునే పని ఈ లెక్కలో లేదు, అది వేరే. ఇంత పని నెత్తిన ఉన్న మనిషిని "కుటుంబంతో కలిసి హాయిగా బయట గడుపు" అంటే, మోస్తున్న బరువు దించకుండా డాన్సు చెయ్యమన్నట్టే ఉంటుంది.

"మేం పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాం కదా, మళ్ళీ ప్రత్యేకంగా నడవటం ఎందుకు?" అని సంఘాల్లో ఆడవాళ్ళు అడుగుతూ ఉంటారు. మంచి ప్రశ్న. ఇంటిచాకిరీ ఒంటిని అలవగొడుతుంది, నిజమే. కానీ ఆ పని వంగి, కూర్చుని, పొయ్యి సెగలో, తడిలో చేసేది. మనసుకు విడుపు ఇచ్చేది కాదు. చేస్తున్నంతసేపూ తర్వాతి పని గురించే ఆలోచన. నడుము నొప్పి తెచ్చే శ్రమనీ నడుముకు బలమిచ్చే నడకనీ ఒకే గాటన కట్టలేం.

పేద స్త్రీల విషయానికొస్తే "ఆరుబయట" అన్న మాటకే అర్థం మారిపోతుంది. వరినాట్లు వేసే స్త్రీ, మిరపకాయలు కోసే స్త్రీ, ఇటుక బట్టీలో పనిచేసే స్త్రీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరుబయటే ఉంటుంది. ఎండ ఆమెకు విటమిన్ కాదు, వడదెబ్బ. చెరువుగట్టు ఆమెకు షికారు కాదు, నీళ్ళబిందె. అడవి ఆమెకు విహారం కాదు, కట్టెలమోపు. మరుగుదొడ్డి లేని ఇంటి ఆడపిల్లకు ఆరుబయట అంటే చీకటి పడేదాకా బిగబట్టుకోవటం. పట్నంలో ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి ఆదివారం మరీ కష్టమైన రోజు. యజమానుల ఇళ్ళకు ఆరోజే చుట్టాలు వస్తారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఫ్యాక్టరీ కార్మికుడికి వారానికి ఒకరోజు సెలవు హక్కుగా ఇచ్చింది. ఇంటిపనివారికి అది యజమానురాలి మంచితనం మీద ఆధారపడే విషయంగానే ఉండిపోయింది. మనం పార్కులో కుటుంబంతో కూర్చుని ఉంటే, మన ఇంట్లో గిన్నెలు తోముతున్న మనిషి పిల్లలు ఎక్కడున్నారు అనే ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి.

మగవాళ్ళకు ఆరుబయట తీరిక కొత్త కాదు. రచ్చబండ, టీకొట్టు, పేకాట, చావిడి అరుగు అన్నీ వాళ్ళవే. సారా దుకాణం కూడా వాళ్ళదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణం మూయించినప్పుడు దాన్ని చాలామంది డబ్బు సమస్యగా, దెబ్బల సమస్యగా చూశారు. అది రెండూ అవును. కానీ సాయంత్రం అనే సమయం ఎవరిది అనే తగాదా కూడా అందులో ఉంది. కూలి డబ్బుతో పాటు మగవాడి సాయంత్రాన్నంతా ఆ దుకాణం మింగేసింది. భార్యాపిల్లలతో గడపాల్సిన పొద్దు అక్కడ ఖర్చయ్యేది. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకోటానికి, అంటే ఇల్లు వదిలి సాయంత్రంపూట ఒకచోట కూర్చోటానికి, వీలు దొరికిన స్త్రీలే ఆ ఉద్యమానికి ముందు నిలబడ్డారని మర్చిపోవద్దు. తీరికగా నలుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరితే ఏమవుతుందో చరిత్ర అప్పుడే చూపించింది.

ఇక "కుటుంబం" అన్న మాటకొద్దాం. స్త్రీ బయట కనిపించటానికి మన సమాజం రెండు అనుమతులే ఇస్తుంది. ఒకటి పని, రెండోది కుటుంబం. నీళ్ళకో, బజారుకో, ఆస్పత్రికో వెళుతున్నానని చెప్పగలగాలి. లేదా పక్కన భర్తో, కొడుకో, తండ్రో ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, బజారుకీ ఆస్పత్రికీ ఊరి బయటికీ ఈ మూడు చోట్లకీ ఒంటరిగా వెళ్ళే వీలున్న స్త్రీలు దేశంలో 42 శాతమే. సగానికి పైగా స్త్రీలకు ఈ మూడింటిలో ఏదో ఒకదానికి ఇంకొకరు తోడు కావాలి, లేదా అనుమతి లేదు. ఊరికే చెట్టు కింద కూర్చుని రావటానికి ఎంతమందికి అనుమతి ఉందని ఆ సర్వే అడగలేదు. అడిగి ఉంటే ఏం తేలేదో మీకూ నాకూ తెలుసు.

2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కులో పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని ఒక బోర్డు పెట్టారు. స్త్రీల సంఘాలూ పౌరులూ అభ్యంతరం చెప్పాక నగరపాలక సంస్థ దాన్ని తీసేసింది. పార్కు "కుటుంబాల కోసం" అన్నదే అప్పుడు వినిపించిన సమర్థన. ఈ మాట వినటానికి ఎంత మర్యాదగా ఉంటుందో, ఆచరణలో అంత కటువుగా ఉంటుంది. కుటుంబం అనిపించుకోవటానికి మెళ్ళో తాళి చూపించాలా? భర్త చనిపోయిన స్త్రీ, భర్తను వదిలేసిన స్త్రీ, పెళ్ళి చేసుకోని స్త్రీ, హిజ్రా స్నేహితురాలు, హాస్టల్లో ఉండి చదువుకునే నలుగురమ్మాయిలు ఏ లెక్కలోకి వస్తారు? ముంబయి నగరంలో స్త్రీల సంచారం మీద పరిశోధన చేసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో వచ్చిన తమ పుస్తకంలో, ఏ పనీ లేకుండా ఊరికే తిరిగే హక్కు స్త్రీలకు కావాలని వాదించారు. భద్రత పేరుతో స్త్రీలను ఇంట్లో ఉంచటం కన్నా, ప్రమాదం ఉన్నా బయటికి వెళ్ళే హక్కు ముఖ్యమని వాళ్ళ వాదన. బెంగుళూరులో మొదలైన బ్లాంక్ నాయిస్ బృందం పిలుపు మీద అనేక నగరాల్లో స్త్రీలు పార్కుల్లో పగటిపూట గడ్డి మీద పడుకుని నిద్రపోయారు. విన్నప్పుడు నవ్వు రావొచ్చు. మగవాళ్ళు పార్కు బెంచీల మీద ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోతున్నారో గుర్తు తెచ్చుకుంటే ఆ నవ్వు ఆగిపోతుంది.

కుటుంబాలు కలిసి ఆరుబయట గడిపే మన సంప్రదాయాల్లో పెద్దది కార్తీకమాసపు వనభోజనాలు. ఉసిరిచెట్టు నీడలో అందరూ కలిసి తినటం, పిల్లలు ఆడుకోవటం. ఎంతో అందమైన ఆచారం. కానీ ఇవాళ కార్తీకం వస్తే ఊళ్ళల్లో ఫ్లెక్సీలు ఏం చెబుతున్నాయో చూడండి. ఫలానా కులం వారి వనసమారాధన, ఫలానా సామాజికవర్గ ఆత్మీయ కలయిక. రాజకీయ నాయకుల ఉపన్యాసాలు, సంఘం బలం చూపించుకోవటాలు, పనిలో పనిగా పెళ్ళి సంబంధాలు. ఆడపిల్ల తన కులం కుర్రాళ్ళనే చూసేలా, తన కులం వాళ్ళతోనే కూర్చుని తినేలా చెట్లకింద కూడా గీతలు గీశారు. ఆ భోజనాలయ్యాక ఎంగిలి విస్తళ్ళు ఎత్తేవాళ్ళది ఏ కులమో అడగక్కర్లేదు. ఆరుబయట ఉన్నంత మాత్రాన గోడలు లేకుండా పోవు. మన సంఘాలు ఎక్కడైనా కులాలన్నీ కలిసి కూర్చుని, అందరి ఇళ్ళ వంటా అందరూ తినే వనభోజనం పెట్టగలిగితే, అది వంద ఉపన్యాసాలకు సమానం. ఆ రోజు వంట మగవాళ్ళు చేస్తే ఇంకా మంచిది.

కౌన్సెలింగు కేంద్రాల్లో పనిచేసే స్నేహితులకు ఒక మాట. దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి "ఇద్దరూ పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు ఎక్కడికన్నా వెళ్ళి రండి, అన్నీ సర్దుకుంటాయి" అని పెద్దలు సలహా ఇవ్వటం చూస్తుంటాం. కలిసి గడపటం మంచి సంబంధాన్ని ఇంకా బాగుచేస్తుంది. హింసను మాత్రం అది ఆపదు. కొట్టే మనిషితో ఊరు కాని ఊరు వెళ్ళిన స్త్రీకి పిలిస్తే పలికే పొరుగువాళ్ళు కూడా ఉండరు. మరో విషయం కూడా చూడండి. 2005 గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాల్లో గృహ సంఘటన నివేదిక ఫారం ఉంది. అందులో మాటలతో, మానసికంగా పెట్టే హింస కింద చెప్పిన వాటిల్లో ఇంటినుంచి బయటికి వెళ్ళనివ్వకపోవటం కూడా ఒకటి. బాధితురాలు తనంతట తాను ఈ విషయం చెప్పదు, ఎందుకంటే దాన్ని ఆమె హింస అనుకోదు. "మా ఆయన నన్ను గడప దాటనివ్వరు" అని కొందరు గర్వంగా కూడా చెబుతారు. "మీరు మీ ఇష్టంతో చివరిసారి బయటికి ఎప్పుడు వెళ్ళారమ్మా?" అని మనమే అడగాలి. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలెయ్యకూడదు.

విశ్రాంతినీ వినోదాన్నీ హక్కులంటే కొందరు నవ్వుతారు. కానీ 1948 విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణం విశ్రాంతీ తీరికా ప్రతి మనిషి హక్కని చెప్పింది. మన దేశం 1992 డిసెంబరులో అంగీకరించిన బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో పిల్లలకు విశ్రాంతి, ఆట, తీరిక హక్కుగా ఉన్నాయి. 1993 జులైలో మన దేశం ధృవీకరించిన స్త్రీల పట్ల వివక్షల నిర్మూలన ఒప్పందం, అంటే మనం సీడా అని పిలుచుకునేది, 13వ అధికరణంలో వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు స్త్రీలకు పురుషులతో సమానంగా ఉండాలంటుంది. బాలల ఒప్పందం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఆడపిల్ల బాలికే. కానీ మన ఇళ్ళల్లో పెద్దమనిషి అయిన రోజే ఆమె ఆట ఆగిపోతుంది. అన్న క్రికెట్టుకు వెళుతూనే ఉంటాడు, ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. ఇంటర్మీడియట్‌కి వచ్చాక ఇద్దరికీ ఆట ఉండదు. చాలా ప్రైవేటు కాలేజీలు నడిచేది అపార్టుమెంటులాంటి భవనాల్లో, ఆదివారం పరీక్షలు పెట్టి. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని తన షెడ్యూలులోనే రాసింది. ఎన్ని బడులకు ఉందో మన మండలంలో మనమే లెక్క తియ్యొచ్చు.

ఈమధ్య కాలంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. వెంటనే "ఆడవాళ్ళు పనీపాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు" అనే వెటకారం కూడా మొదలైంది. ఆ మాటకు జవాబుగా మనవాళ్ళు చాలామంది "లేదు, కూలికి వెళుతున్నారు, ఆస్పత్రికి వెళుతున్నారు, చదువుకి వెళుతున్నారు" అని లెక్కలు చెబుతున్నారు. అవి నిజమే. కానీ అంతటితో ఆగితే ఒప్పుకోకూడని విషయం ఒకటి ఒప్పుకున్నట్టే అవుతుంది. పనికోసమే ఆడది బయటికి రావాలన్నది మన మాట కాకూడదు. అవును, తిరుగుతారు. పుట్టింటికి వెళతారు, గుడికో దర్గాకో వెళతారు, సముద్రం చూడని అరవైయేళ్ళ మనిషి సముద్రం చూడటానికి వెళుతుంది. మగవాడు మోటారు సైకిలు మీద ఊరికే తిరిగొస్తే ఎవరూ లెక్క అడగలేదు కదా.

మరి మనం ఏం చెయ్యాలి? నాకు తోచినవి కొన్ని చెబుతాను. వీటిని మీ మీ చోట్ల సరిచూసుకుని మార్చుకోండి.

మొదటిది ఇంటి దగ్గర. కుటుంబం బయటికి వెళ్ళేరోజు పని ముందుగా పంచుకోవాలి. వంట ఎవరు, సర్దేది ఎవరు, పిల్లాణ్ణి చూసేది ఎవరు, వచ్చాక గిన్నెలు ఎవరు అన్నది బయల్దేరకముందే తేల్చుకోవాలి. అంత వంట అక్కర్లేదు కూడా. అరటిపళ్ళూ మరమరాలూ తీసుకెళ్ళినా చెట్టు నీడ ఇచ్చి తీరుతుంది. వారానికి ఒక సాయంత్రం తండ్రి ఒక్కడే పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలి. ఆ గంటలో తల్లి ఇంట్లో పని చెయ్యకుండా ఉండటం కూడా అందులో భాగమే. లేకపోతే ఆ గంట కూడా చాకిరీకే పోతుంది.

రెండోది సంఘంలో. పొదుపు, అప్పు, వాయిదా తప్ప మన సంఘాల్లో వేరే మాట లేకుండా పోతోంది. నెలకొక సమావేశం ఏ తోటలోనో చెరువుగట్టు మీదో పెట్టుకుందాం. కుటుంబంతో వెళ్ళటం ఎంత అవసరమో కుటుంబం లేకుండా వెళ్ళటమూ అంతే అవసరం. బతుకమ్మ ఆడేటప్పుడు, అట్లతద్దికి ఉయ్యాల ఊగేటప్పుడు మనవాళ్ళ మొహాల్లో కనిపించే వెలుగు ఏడాదికి ఒకరోజుకే ఎందుకు పరిమితం కావాలి?

మూడోది పంచాయితీలో, మున్సిపాలిటీలో. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ స్థానిక సంస్థల బాధ్యతల్లో ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలకు రిజర్వు అయ్యాయి. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెంచారు. సాయంత్రం అయిదింటికి వెళ్ళి అక్కడ ఎవరు కూర్చున్నారో చూసి రాయండి. దీపాలున్నాయా, నీళ్ళున్నాయా, శుభ్రమైన మరుగుదొడ్డి ఉందా, చక్రాల కుర్చీ లోపలికి వెళుతుందా, ఊరి దళితవాడ నుంచి అక్కడికి నడిచి వెళ్ళగలరా, వెళితే ఎవరైనా ఏమైనా అంటున్నారా. నగరాల్లో అయితే టిక్కెట్టు ఎంత, తెరిచే వేళలు ఏమిటి అని కూడా చూడాలి. పొద్దున్నే, సాయంత్రం మాత్రమే తెరిచే పార్కు ఉద్యోగస్తుడికి అనుకూలం. మధ్యాహ్నం రెండింటికి గానీ పని తెమలని గృహిణికి ఆ వేళకు గేటు మూసి ఉంటుంది. ఈ వివరాలతో ఒక కాగితం తయారుచేసి వార్డు మెంబరుకు ఇస్తే అది మంచి మొదలు అవుతుంది.

చివరిగా, ఈ కోరికలు అడిగేటప్పుడు మనం వాడే భాష గురించి. పార్కు కావాలి, పిల్లల ఆరోగ్యం కోసం అంటాం. నడక కావాలి, ఆరోగ్యంగా ఉంటే కుటుంబాన్ని బాగా చూసుకోవచ్చు అంటాం. ఇవి తప్పుడు మాటలు కావు. కానీ ఈ భాషలో స్త్రీ ఎప్పుడూ ఇంకొకరి మేలుకు సాధనంగానే మిగిలిపోతుంది. బయటికి వచ్చి గాలి పీల్చుకుని, ఆకాశం చూసి, ఎవరికీ ఏమీ చెయ్యకుండా కాసేపు కూర్చోవటం ఆమెకు కావాలి, ఆమె కోసం. దానికి ఇంకో కారణం చూపించాల్సిన పని లేదు. కుటుంబం ఆమెతో పాటు వస్తే సంతోషం. వచ్చినప్పుడు దుప్పటి మడతపెట్టటానికి ఒక చెయ్యి వెయ్యమందాం.